థామ్సన్ వలయాలు, రూథర్‌ఫర్డ్ గుట్ట, బామర్ గీతలు: పరమాణు నమూనాల ప్రదర్శన డైరీ

జూన్, రెండో వారం

మా పాఠశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో కిటికీ పక్కన ఖాళీగా ఉన్న మూడు బల్లల మీద పరమాణు నిర్మాణ చరిత్రను శాశ్వత ప్రదర్శనగా అమర్చే పని ఈ వారం మొదలైంది. ఈ విషయం మీద ప్రదర్శన అనగానే థర్మోకోల్ బంతులు, ఇనుప తీగల కక్ష్యలు, కింద శాస్త్రవేత్త ఫోటో, పుట్టిన సంవత్సరం అనే అమరిక అందరికీ అలవాటైపోయింది. అటువంటివి చూసిన విద్యార్థికి, ఒకరి తరువాత ఒకరు తోచిన బొమ్మ గీసుకుంటూ పోయారనే అభిప్రాయమే మిగులుతుంది. అందుచేత మేము ఒక నియమం పెట్టుకున్నాము. విద్యార్థి తన చేతితో కొలవగలిగిన అంకె ఒకటైనా లేని బల్ల ఉండకూడదు. ఆ అంకె ఒక నమూనాను ఎందుకు నిలబెట్టిందో, లేక ఎందుకు పడగొట్టిందో తెలియాలి.

ఈ నియమం వల్ల పరమాణువుల గురించి ఊహించిన ప్రాచీన తాత్త్వికులైన కణాదుడికీ డెమోక్రిటస్‌కీ బల్ల దక్కలేదు. కణాదుడి మార్గంలోని వైశేషికులు రెండు పరమాణువుల కలయికను ద్వ్యణుకమనీ, మూడు ద్వ్యణుకాల కలయికను త్ర్యణుకమనీ విభజించి చర్చించిన తీరు తర్కశాస్త్ర విద్యార్థి చదవదగినదే కాని, అందులో తూచి సరిచూడగలిగినది లేదు. డాల్టన్ సంగతి వేరు. ఆయన 1803 నుంచి తయారుచేసిన సాపేక్ష పరమాణు భారాల పట్టిక మొత్తం తూకాల మీదనే నిలిచింది. అయితే ఆ తూకాలకు రసాయనశాస్త్ర ప్రయోగశాలే తగిన చోటు కనుక, ఆ భాగాన్ని అక్కడి ఉపాధ్యాయులకు అప్పగించాము. మా బల్లలు 1897లో మొదలై 1914 దగ్గర ఆగుతాయి.

జూన్, నాలుగో వారం: మొదటి బల్ల

థామ్సన్ నమూనాకు మన తొమ్మిదో తరగతి పాఠం పుచ్చకాయ పోలిక ఇస్తుంది. ఎర్రని గుజ్జు ధనావేశం, గింజలు ఎలక్ట్రాన్లు. పోలికలో తప్పు లేదు కాని, అది వినగానే విద్యార్థి నవ్వి ముందుకు వెళ్ళిపోతాడు. కేంబ్రిడ్జ్‌లో జె. జె. థామ్సన్ 1897లో ఎలక్ట్రానును గుర్తించిన తరువాత ఎదుర్కొన్న ప్రశ్న అంత తేలికైనది కాదు. ఒకదాన్నొకటి నెట్టుకునే ఋణావేశ కణాలు ధనావేశ గోళంలో చెదిరిపోకుండా ఏ అమరికలో నిలుస్తాయి? 1904 మార్చిలో ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో ప్రచురించిన దీర్ఘ వ్యాసంలో ఆయన చేసింది ఈ లెక్కే. ఒకే వలయంలో ఐదు కణాల వరకు స్థిరంగా ఉండగలవు. ఆరోది చేరితే వలయం నిలవదు, ఒక కణం నడిమికి రావాలి.

ఆ లెక్కకు తోడుగా ఆయన పేర్కొన్న ప్రయోగం అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని స్టీవెన్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆల్‌ఫ్రెడ్ మేయర్ 1878లో చేసినది. మా మొదటి బల్ల దానికి నకలు. అయస్కాంతీకరించిన సూదులను చిన్న బెండు ముక్కల్లో నిలువుగా గుచ్చి, అన్నిటి ఒకే ధ్రువం పైకి ఉండేలా నీటిపై తేలనివ్వాలి. అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. పై నుంచి ఒక కడ్డీ అయస్కాంతాన్ని వ్యతిరేక ధ్రువం కిందికి ఉండేలా వేలాడదీస్తే, అది అన్నిటినీ నడిమికి లాగుతుంది. ఈ రెండు బలాల మధ్య సూదులు తమంతట తామే బొమ్మలు కడతాయి.

పాత్ర ఎంపికలో జాగ్రత్త అవసరం. స్టీలు పళ్ళేలలో కొన్ని రకాలు అయస్కాంతానికి స్పందిస్తాయి కనుక వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు తీసుకున్నాము. సూదులన్నిటినీ ఒకే అయస్కాంతంతో, ఒకే దిశలో, ఒక్కొక్క సూదిని అన్నేసి సార్లే రుద్దాలి; లేకపోతే బలమైన సూది తన పక్కవాటిని దూరంగా నెట్టి బొమ్మను వంకర చేస్తుంది. నీటి తలతన్యత మరొక అడ్డంకి. టబ్బు అంచున నీరు పైకి వంగి ఉన్నప్పుడు బెండు ముక్కలు అంచు వైపు జారి అతుక్కుంటాయి. నీటిని అంచు దాటి కొద్దిగా ఉబ్బేవరకు నింపితే ఆ వంపు తిరగబడి, ముక్కలు అంచుకు దూరంగా జరుగుతాయి. ఈ చిన్న ఉపాయంతోనే బల్ల పనికి వచ్చింది.

జులై, మొదటి వారం

మూడు సూదులు త్రిభుజంగా, నాలుగు చతురస్రంగా నిలుస్తున్నాయి. ఐదు సూదులు ఒకసారి పంచభుజిగా, నీటిని కదిపితే మరొకసారి నాలుగు చుట్టూ ఒకటి నడుమగా స్థిరపడుతున్నాయి. ఆరు వేస్తే ఐదు చుట్టూ, ఒకటి నడుమ. ఏడు వేస్తే ఆరు చుట్టూ, ఒకటి నడుమ. ఎనిమిది దాటాక ఒకే సంఖ్యకు ఒకటి కంటే ఎక్కువ అమరికలు కనిపిస్తున్నాయి, మేయర్‌కూ అలాగే కనిపించాయి. సూదుల మధ్య బలం థామ్సన్ లెక్కలోని బలం కాదు కనుక పెద్ద సంఖ్యల దగ్గర ఆయన పట్టికతో అక్షరాలా సరిపోవాలని ఆశించకూడదని బల్ల మీది పలకలో స్పష్టంగా రాశాము.

ఆ పట్టికలో కొన్ని వరుసలను మాత్రం పెద్ద అక్షరాలతో గోడకు పెట్టాము. 5 కణాలకు ఒకే వలయం. 15 కణాలకు 10, 5. 30 కణాలకు 15, 10, 5. అంటే 15 కణాల పరమాణువు లోపల 5 కణాల పరమాణువు చెక్కుచెదరకుండా ఉంది, 30 కణాల దాని లోపల ఆ రెండూ ఉన్నాయి. ఆవర్తన పట్టికలో ఒకే నిలువు వరుసలోని మూలకాలు ఒకే రకంగా ఎందుకు ప్రవర్తిస్తాయనే ప్రశ్నకు, లోపలి అమరిక పునరావృతం కావడమే కారణమని పరమాణు నిర్మాణం నుంచి లెక్కగట్టి జవాబు చెప్పిన తొలి గట్టి ప్రయత్నం ఇదే. 59 నుంచి 67 వరకు కణాలున్న పరమాణువులన్నిటికీ బయటి వలయంలో 20 కణాలే ఉంటాయని చూపి, ఆ వరుసలో స్థిరత్వం క్రమంగా మారే తీరును ఆవర్తన పట్టికలోని ఒక అడ్డు వరుసతో ఆయన పోల్చాడు. అంకెలు నేటి రసాయనశాస్త్రానికి సరిపోవు. కాని ఎలక్ట్రాన్లు పొరలుగా ఉంటాయనీ, రసాయన గుణాలను ఆ పొరలే నిర్ణయిస్తాయనీ ఇవాళ మనం చెప్పే మాట ఈ పుచ్చకాయలోనుంచే వచ్చింది. పాఠ్యపుస్తకం ఈ సగాన్ని వదిలేసి, ఓడిపోయిన సగాన్ని మాత్రమే చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది.

వలయాలకు మరొక ఆకర్షణ ఉంది. వలయంలో తిరిగే ఒంటరి ఎలక్ట్రాను కాంతిని వెదజల్లుతూ శక్తిని కోల్పోతుంది. అదే వలయంలో సమాన దూరాల్లో మరికొన్ని ఉంటే వాటి తరంగాలు పరస్పరం రద్దుచేసుకుని, నష్టం విపరీతంగా తగ్గుతుంది. 1903లోనే థామ్సన్ ఈ సంగతి చూపాడు. తరువాత వచ్చిన కేంద్రక నమూనాను మొదటి నుంచీ పట్టి పీడించిన వికిరణ సమస్య ఈ నమూనాను అంతగా బాధించలేదు.

జులై, మూడో వారం: గుట్ట

రెండో బల్ల పని పెద్దది. రూథర్‌ఫర్డ్ చెప్పినట్టు ధనావేశం మొత్తం పరమాణువు నడుమ ఒక బిందువులో (కేంద్రకంలో) ఉంటే, దాని వైపు వచ్చే ఆల్ఫా కణానికి (రేడియోధార్మిక పదార్థాల నుంచి వెలువడే ధనావేశ కణానికి) ఎదురయ్యే స్థితిజశక్తి దూరానికి విలోమానుపాతంలో ఉంటుంది. అదే ఆకారంలో ఒక గుట్ట కట్టి, దాని మీదికి ఉక్కు గుండును దొర్లిస్తే, ఎత్తే స్థితిజశక్తి కనుక, గుండు నడక ఆల్ఫా కణం నడకను అనుసరిస్తుంది. మేము తీసుకున్న కొలత ఇది: కేంద్రం నుంచి దూరం ఎన్ని సెంటీమీటర్లో, 24ని ఆ అంకెతో భాగించి ఒకటి తీసివేస్తే, ఆ చోట గుట్ట ఎత్తు సెంటీమీటర్లలో వస్తుంది. 24 సెం.మీ. దగ్గర ఎత్తు సున్నా, 12 దగ్గర 1, 8 దగ్గర 2, 6 దగ్గర 3, 4 దగ్గర 5. కేంద్రానికి 3 సెం.మీ. లోపల, 7 సెం.మీ. ఎత్తున, శిఖరాన్ని చదునుగా కోసేశాము. మా గుండ్లు అంత ఎత్తుకు చేరవు.

ఈ వంపును గ్రాఫు కాగితం మీద గీసి, జింకు రేకు మీద అతికించి, కత్తిరించి, ఆ రేకును నడుమ నిలబెట్టిన ఇనుప చువ్వ చుట్టూ తిరిగేలా బిగించాము. తడి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మీద రేకు తిరుగుతూ పోతే ఎక్కువైనది గీసుకుపోయి వంపు మిగులుతుంది. ఇళ్ళ పైకప్పులకు పీఓపీ పని చేసే మేస్త్రి ఒకరు వచ్చి సాయపడ్డారు. “లోపల ఇటుక ముక్కలు పేర్చండి సార్, పైన రెండు వేళ్ల మందం పూస్తే చాలు, లేకపోతే పగుళ్ళిస్తది” అన్న ఆయన సలహా బరువునూ ఖర్చునూ కూడా తగ్గించింది. ప్లాస్టర్ నిమిషాల్లో బిగుసుకుంటుంది కనుక కొద్దికొద్దిగా కలుపుకుంటూ పొరలుగా వేయాలి. ఆరాక నీరు చల్లి సన్న గరుకు కాగితంతో రుద్ది, ప్రైమరు, ఆపైన ఎనామిల్ రంగు పూశాము. గుండును విడిచే వాలుకు కరెంటు పనివారు వాడే కేసింగ్ పట్టీ సరిగ్గా సరిపోయింది.

జులై చివర

గుండును బల్ల మట్టానికి 2 సెం.మీ. ఎత్తు నుంచి విడుస్తున్నాము. ఎదురుగా కేంద్రం వైపే వెళ్ళిన గుండు రాపిడి లేకపోతే 8 సెం.మీ. దూరం దాకా ఎక్కి వెనక్కి తిరగాలి. రూథర్‌ఫర్డ్ సూత్రం ప్రకారం, ఈ దూరంలో సగాన్ని గుండు గురి కేంద్రానికి ఎంత పక్కగా ఉందో ఆ దూరంతో భాగిస్తే, మళ్ళిన కోణంలో సగానికి టాంజెంటు వస్తుంది. కనుక 4 సెం.మీ. పక్కగా వచ్చిన గుండు 90 డిగ్రీలు, 8 సెం.మీ. పక్కగా వచ్చినది సుమారు 53 డిగ్రీలు, 2 సెం.మీ. పక్కగా వచ్చినది సుమారు 127 డిగ్రీలు మళ్ళాలి. బయటికి వచ్చే చోట తెల్ల కాగితం మీద కార్బన్ కాగితం పరిస్తే గుండు నడిచిన గీత పడుతుంది. గీత ఏ చోట పడిందన్నది కాక, ఏ దిశలో సాగిందన్నదే కొలవాలి. ఈ భేదం విద్యార్థులకు ముందే చెప్పకపోతే కోణాలన్నీ తారుమారవుతాయి.

కొలతలు సూత్రానికి కొన్ని డిగ్రీల తేడాతో వస్తున్నాయి. దీనికి మూడు కారణాలు పలకలో రాశాము. నిజమైన విద్యుద్బలం అనంత దూరం వ్యాపిస్తుంది, మా గుట్ట 24 సెం.మీ. దగ్గర ఆగిపోయింది. ఏటవాలు ఎక్కువైన చోట గుండు వేగంలో కొంత నిలువు దిశకు పోతుంది, ఆల్ఫా కణానికి ఆ బాధ లేదు. మూడోది రాపిడి. అయినా దగ్గరగా వచ్చినది ఎక్కువగా, దూరంగా పోయినది తక్కువగా మళ్ళే క్రమం ప్రతిసారీ స్పష్టంగా కనిపిస్తోంది.

పైతరగతి విద్యార్థులకు ఒక సూక్ష్మం చెప్పాలి. బల్ల మీద గుండ్లు ఒక గీత వెంబడి పక్కపక్కన వస్తాయి కనుక వివిధ కోణాల్లోకి వెళ్ళే గుండ్ల సంఖ్య సగం కోణపు సైను వర్గానికి విలోమంగా మారుతుంది. మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ సహచరులైన గైగర్, మార్స్‌డెన్‌ల ముందున్న పల్చని లోహపు రేకు మీద ఆల్ఫా కణాలు ఒక వైశాల్యమంతటా పడ్డాయి. అక్కడ వచ్చేది నాలుగో ఘాతం. 1913లో వారు 5 డిగ్రీల నుంచి 150 డిగ్రీల వరకు ఈ నియమాన్ని పరీక్షించారు. ఆ రెండు కోణాల మధ్య కణాల సంఖ్య దాదాపు రెండున్నర లక్షల రెట్లు మారుతుంది. చీకటి గదిలో సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి, జింకు సల్ఫైడు తెర మీది మెరుపులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టిన మనుషులు ఆ వ్యాప్తిని నమ్మదగిన కొలతలతో దాటారన్నది నా దృష్టిలో మొత్తం కథలో అతి పెద్ద విశేషం. 1909లో ప్లాటినం రేకు నుంచి సుమారు 8,000 ఆల్ఫా కణాలకు ఒకటి వెనక్కి రావడం ఆశ్చర్యాన్ని కలిగించింది, నిజమే. కాని ఒక్క ఆశ్చర్యం నమూనాను నిలబెట్టదు. 1911లో రూథర్‌ఫర్డ్ రాసిన సూత్రం 1913లో లెక్కకు లెక్క సరిపోవడమే దాన్ని నిలబెట్టింది.

ఇదే బల్ల మీద థామ్సన్ పరమాణువును ఎలా చూపాలనే చర్చ కొంత నడిచింది. ధనావేశం పరమాణువంతటా పరుచుకుంటే గుట్ట ఎంత ఎత్తు ఉంటుందో లెక్కవేశాము. బంగారు కేంద్రకానికి ఆల్ఫా కణం ఎంత దగ్గరికి రాగలదో రూథర్‌ఫర్డ్ వేసిన అంచనా సుమారు 3.4×10⁻¹⁴ మీటర్లు, పరమాణు వ్యాసార్ధం సుమారు 10⁻¹⁰ మీటర్లు. మా 8 సెం.మీ.ను మొదటిదానికి సమానంగా తీసుకుంటే పరమాణువు అంచు 235 మీటర్ల దూరాన, మా ఊరి బస్టాండు దాటి పడుతుంది. అంత వెడల్పున పరుచుకున్న గుట్ట నడిమి ఎత్తు 0.015 మిల్లీమీటర్లు, ఒక కాగితం మందంలో ఆరో వంతు కూడా కాదు. కనుక కొత్త గుట్ట కట్టకుండా, బల్లలో చదునుగా మిగిలిన భాగానికే “థామ్సన్ పరమాణువు” అని పేరు రాసి, దాని మీద గుండును దొర్లించమన్నాము. మొదటి బల్ల దగ్గర థామ్సన్‌ను మెచ్చుకుని వచ్చిన విద్యార్థి ఇక్కడ అదే నమూనా ఎందుకు నిలవలేదో ఒక్క గుండుతో తెలుసుకుంటాడు.

ఆగస్టు, రెండో వారం: మూడో బల్ల

హైడ్రోజన్ వర్ణపటం చూపడానికి డిశ్చార్జి గొట్టం, దానికి వేల వోల్టుల సరఫరా కావాలి. పిల్లలు తామే ముట్టుకునే బల్ల మీద దాన్ని ఉంచడం నాకు ఇష్టం లేదు. సూర్యకాంతిలో హైడ్రోజన్ గీతలు నల్లగా ఉండనే ఉన్నాయి. ఎరుపులో 656.3 నానోమీటర్ల దగ్గర సి గీత, నీలం-ఆకుపచ్చల మధ్య 486.1 దగ్గర ఎఫ్ గీత. సూర్యుడి వైపు గురిపెట్టనే కూడదు. తెల్లని మబ్బు నుంచి వచ్చే వెలుగులోనూ అవే గీతలుంటాయి. శ్రావణ మాసపు మబ్బులు ఈ పనికి ఆటంకం కాకపోగా అవసరమైన వస్తువయ్యాయి.

పరికరం సాదాది. రెండు బ్లేడు అంచులను దాదాపు తాకేలా బిగించిన చీలిక, నల్ల కాగితం అంటించిన అట్ట గొట్టం, చివర వెండి పూత ఒలిచిన డీవీడీ ముక్క. డీవీడీ గీతల మధ్య దూరం 0.74 మైక్రోమీటర్లు కనుక ఎఫ్ గీత సుమారు 41 డిగ్రీల దగ్గర, సి గీత 62.5 డిగ్రీల దగ్గర కనిపించాలి. సరిచూసుకోవడానికి సీఎఫ్ఎల్ దీపంలోని పాదరసపు ఆకుపచ్చ గీత, 546.1 నానోమీటర్లు, 47.6 డిగ్రీల దగ్గర వస్తోందో లేదో ముందుగా చూస్తున్నాము. చీలిక ఎంత సన్నగా ఉంటే నల్ల గీతలు అంత స్పష్టంగా కనిపిస్తాయి. చీలిక కాస్త వెడల్పైనా అవి మాయమైపోతాయి.

ఇక్కడ విద్యార్థి కొలవవలసిన అంకె ఒకే నిష్పత్తి. రెండు కోణాల సైన్లను భాగిస్తే తరంగదైర్ఘ్యాల నిష్పత్తి వస్తుంది, డీవీడీ గీతల దూరం తెలియనవసరం లేదు. ఆ నిష్పత్తి 1.35, అంటే సరిగ్గా 27/20. బాసెల్‌లో బడిపంతులు యోహాన్ బామర్ 1885లో హైడ్రోజన్ గీతలన్నిటికీ ఒకే సూత్రం కనుక్కున్నది ఇటువంటి పూర్ణసంఖ్యల నిష్పత్తుల నుంచే. ఎలక్ట్రాన్లు కొన్ని నిర్ణీత కక్ష్యల్లోనే తిరుగుతాయన్న బోర్ 1913లో దాన్ని కక్ష్యల భాషలోకి మార్చాడు: ఎలక్ట్రాను మూడో కక్ష్య నుంచి రెండోదానికి దూకితే వెలువడే శక్తి, దాన్ని పరమాణువు నుంచి పూర్తిగా విడదీసే శక్తిలో 5/36 వంతు, నాలుగోదాని నుంచి అయితే 3/16 వంతు, రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 27/20. అయితే నిష్పత్తి బామర్‌కే తెలుసు కనుక బోర్ గొప్పతనం అందులో లేదు. సూత్రంలోని స్థిరాంకాన్ని ఎలక్ట్రాను ఆవేశం, ద్రవ్యరాశి, ప్లాంక్ స్థిరాంకం నుంచి లెక్కగట్టడం ఆయన చేసిన పని.

బోర్ నమూనాను శంకించినవారిని మెత్తబరిచినది మరొక అంకె. నక్షత్రాల కాంతిలో ఖగోళ శాస్త్రవేత్త పికరింగ్ చూసిన కొన్ని గీతలు హైడ్రోజన్‌వి కావు, ఒక ఎలక్ట్రాను కోల్పోయిన హీలియంవి అని బోర్ అన్నాడు. అలాగైతే స్థిరాంకం హైడ్రోజన్‌కు నాలుగు రెట్లు ఉండాలి, కొలిస్తే 4.0016 రెట్లు వస్తోంది కదా అని వర్ణపట శాస్త్రవేత్త ఫౌలర్ ఆక్షేపించాడు. కేంద్రకం కూడా కొద్దిగా కదులుతుందని చేర్చి లెక్కవేస్తే 4.00163 వస్తుందని బోర్ జవాబిచ్చాడు.

గుంటూరు జిల్లా నుంచి వచ్చే అతిథులు ఈ బల్ల దగ్గర తప్పకుండా ఒక మాట అడుగుతారని తెలుసు కనుక పలకలో ముందే రాశాము. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి పరిశీలించాడు. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల్లో హైడ్రోజన్ గీతలను ప్రకాశవంతంగా చూశాడు, గ్రహణం లేకుండానే వాటిని చూడవచ్చని మరునాటి ఉదయం నిరూపించాడు. మా డీవీడీ ముక్కలో నల్లగా కనిపించే సి, ఎఫ్ గీతలు ఆయనకు మెరుస్తూ కనిపించినవే. హీలియం గుంటూరులో కనుగొన్నారనే మాట మాత్రం అతిశయోక్తి. ఆ జ్వాలల్లోని పసుపుపచ్చ గీత సోడియంది కాదనీ కొత్త మూలకానిదనీ వాదించినది ఇంగ్లండులో లాకియర్. భూమి మీద దాన్ని పట్టుకున్నది 1895లో రామ్సే. జాన్సెన్ గుంటూరులో సాధించినది దానంతటదే గొప్పది, దానికి మరొకరి కీర్తిని అతికించనవసరం లేదు.

ఆగస్టు, నాలుగో వారం: మిగిలిన పని

మూలకాల ఎక్స్ కిరణాలను కొలిచిన మోస్లీకి బల్ల లేదు, గోడ మాత్రమే ఉంది. ఎక్స్ కిరణాలు మా ప్రయోగశాలలో పుట్టించలేము కనుక, నియమానికి కాస్త సడలింపు ఇచ్చి, కొలత బదులు గ్రాఫు గీసే పని పెడుతున్నాము. ఇనుము, కోబాల్టు, నికెలు, రాగి లోహాల ప్రధాన ఎక్స్ కిరణ గీతల తరంగదైర్ఘ్యాలు వరుసగా 0.1936, 0.1790, 0.1659, 0.1542 నానోమీటర్లు. విద్యార్థి వీటి పౌనఃపున్యాలకు వర్గమూలాలు కట్టి, ఒక కాగితం మీద పరమాణు భారానికీ, మరొక కాగితం మీద ఆవర్తన పట్టికలో మూలకం వరుస సంఖ్యకూ ఎదురుగా గుర్తించాలి. నికెలు భారం 58.69, కోబాల్టు భారం 58.93 కావడం వల్ల మొదటి కాగితంలో గీత వెనక్కి మడతపడుతుంది. రెండో కాగితంలో 26, 27, 28, 29 మీదుగా తిన్నగా పోతుంది. ఆ సంఖ్య కేంద్రకంలోని ఆవేశమని 1913–14లో మోస్లీ కొలతలతో తేలింది. 1915 ఆగస్టులో గలిపోలీ యుద్ధంలో మరణించేనాటికి మోస్లీ వయసు 27 ఏళ్ళు.

గ్రాఫు కాగితాల పలకకు వడ్రంగి కొలతలు తీసుకెళ్ళాడు. గుట్టకు శిఖరం దగ్గర రంగు కాస్త లేచింది, మరో పూత వేయాలి. సూదులు రెండు వారాలకే తుప్పు పట్టడం మొదలైంది కనుక వాటికి గోళ్ళ రంగు పూసి చూస్తున్నాము.